కాగితం, రేకు, ఆ తర్వాతే ఇంజిన్

సంపాదకులు గారికి నమస్కారం.

మా కర్నూల్లో ఈమధ్య పాత కార్లు కొనాలనే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. పద్మిని, అంబాసిడర్, కాంటెస్సా, తొలినాళ్ల మారుతి 800, ఏది ఎక్కడ కనపడినా ఫొటో తీసి నా ఫోనుకు పంపుతారు. "మామా, ఇది తీసుకోవచ్చా?" అని అడుగుతారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయిన మనిషిని కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నాకు స్కూటరే. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత తీసి 1991 నాటి ప్రీమియర్ పద్మిని కొన్నాను. నా మొదటి కారు అదే. ఇంటి ముందర వేపచెట్టు కింద అది నిలబడి ఉంటే చూసి చాలామందికి ఆశ పుట్టింది. ఆశ పుట్టించినవాడిగా నాలుగు మాటలు చెప్పే బాధ్యత కూడా నాదే అనుకుంటున్నా. మీ పత్రికను జిల్లాలో ఊరూరా చదువుతారు కాబట్టి మీకు రాస్తున్నా.

మొదటిసారి పాత కారు చూడబోయేవాళ్లు అందరూ ఒకే పని చేస్తారు. బానెట్ ఎత్తుతారు, స్టార్ట్ చేయమంటారు, తల వంచి ఇంజిన్ సౌండు వింటారు. సౌండు నున్నగా ఉంటే అక్కడికక్కడే బయానా చేతిలో పెడతారు. బతుకంతా ఇంజిన్ల మధ్యే గడిపిన నేను చెబుతున్నా, ఇంజిన్ చివర చూడండి. ముందు కాగితాలు, తర్వాత రేకు, ఆ తర్వాతే ఇంజిన్. ఇంజిన్ చెడితే మన ఊళ్లోనే బాగవుతుంది. అరిగిన సిలిండర్లను కోసి సరిచేసే, అంటే రీబోరు చేసే లేతు షాపులున్నాయి, చేయి తిరిగిన మేస్త్రీలున్నారు. రేకు కుళ్లితే అదీ బాగవుతుంది గానీ, కారు కొన్నంత డబ్బు మళ్లీ పోయాలి. కాగితం చెడిన బండిని మాత్రం ఏ షెడ్డులోనూ బాగుచేయలేరు.

ప్రైవేటు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన బండిని ఆర్టీఓ ఆఫీసుకు తీసుకుపోయి చూపించి, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. నా బండి 1991ది. అంటే 2006లో, 2011లో, 2016లో, 2021లో ఎవరో ఒకరు ఓపిగ్గా పోయి చేయించి ఉండాలి. ఈ వరుస తెగకుండా ఉందా లేదా అన్నదే నేను మొదట చూశాను. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి ఇంట్లో ఉండేది ఆ బండి. ఆయనే మొదటి ఓనరు. ఆర్సీ, పాత ఇన్సూరెన్సులు, రెన్యువల్ రశీదులు, చివరికి ఎప్పుడో టైర్లు కొన్న బిల్లులు కూడా బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి బీరువాలో దాచాడు పెద్దాయన. మేము పోయేసరికి కొడుకు తాళంచెవి పట్టుకుని వచ్చి, "స్టార్ట్ చేసి చూస్తారా సార్" అన్నాడు. "ముందు కాగితాలు తెప్పించు నాయనా" అన్నాను. అరుగు మీద అవన్నీ పరుచుకుని, తేదీలు సరిచూసుకున్నాకే షెడ్డులోకి అడుగుపెట్టాం.

అంత జాగ్రత్తగా దాచేవాళ్లు తక్కువ. తాతల నాటి బండి షెడ్డులో పడుంటుంది, రెన్యువల్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. అమ్మేవాళ్లు "అదేముందన్నా, ఆఫీసుకు పోతే ఒక్క రోజు పని" అంటారు. ఆ మాట నమ్మి ముందుకు పోయే కుర్రాళ్లు ఈ లెక్క చూడాలి. 2022 మార్చి దాకా కారు రెన్యువల్ ఫీజు 600 రూపాయలు. ఆ ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. గడువు దాటి ఆలస్యమైతే నెలకు 500 రూపాయలు అదనపు ఫీజు నిబంధనల్లో ఉంది. నాలుగేళ్లు పడుకున్న బండికి ఆ అదనమే 24,000. ఫీజుతో కలిపి 34,000. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. అరవై వేలకు కారు వచ్చిందని సంబరపడిన పిల్లవాడికి, రోడ్డు మీదికి రాకముందే అందులో సగానికి పైగా మళ్లీ కట్టాల్సి వస్తుంది. అందుకే రెన్యువల్ చేయించి ఇస్తేనే డబ్బు ఇస్తామని చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. దానికీ ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

ఇంకొకటి, ఆర్సీలో పేరున్న మనిషి బతికి ఉన్నాడా అని కూడా చూడాలి. ఉంటే ఆయనే మీ కళ్లెదుట, పేరు మార్పు కోసం ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టాలి. చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి ఫారం 31తో మారాలి, వాళ్లు మీకు అమ్మాలి. పాత బండ్లలో ఎక్కువ గొడవ ఇక్కడే. ఎప్పుడో సంతకాలు పెట్టిచ్చిన ఖాళీ ఫారాలు చేతులు మారుతూ వస్తాయి. మొదటి ఓనరు పోయి ఏళ్లవుతుంది, పిల్లలు ఒకరు బెంగళూరులో, ఒకరు అమెరికాలో ఉంటారు. మా వీధి పిల్లవాడొకడు అట్లాంటి అంబాసిడర్ మీద మనసు పడ్డాడు. బండి నిజంగా బంగారంలా ఉంది. నేను వద్దన్నాను. వాడు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. అయినా మళ్లీ అడిగితే మళ్లీ వద్దనే అంటాను. అమ్మేవాళ్లకు కూడా ఒక మాట. బండి అమ్మేసి పేరు మార్చకుండా వదిలేస్తే, ప్రమాదం జరిగినప్పుడు రికార్డుల్లో పేరున్నవాడే ఓనరు కింద లెక్క అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మార్పించడం కొనేవాడికి ఎంత అవసరమో అమ్మేవాడికీ అంతే అవసరం.

మన జిల్లా సరిహద్దు జిల్లా. గద్వాల, మహబూబ్‌నగర్, రాయచూరు, బళ్లారి నుంచి బండ్లు వస్తాయి. నంబరు ఏపీ 22 అని ఉంటే మనదే కదా అనుకుంటారు. అది మహబూబ్‌నగర్ నంబరు. 2014 జూన్ 2 నుంచి ఆ రికార్డు తెలంగాణది. ఏపీ 09 నుంచి ఏపీ 13 దాకా హైదరాబాద్ నంబర్లదీ అదే కథ. అట్లాంటి బండికి అక్కడి ఆఫీసు నుంచి బండి మార్పుకు అభ్యంతరం లేదనే కాగితం, అంటే ఎన్‌ఓసీ తేవాలి. ఇక్కడ ట్యాక్సు ఏమేం కట్టాలో కొనకముందే ఆఫీసుకు పోయి అడగండి, ఏజెంటు మాట మీద పోవద్దు. కర్నూలు ఏపీ 21, అనంతపురం ఏపీ 02, కడప ఏపీ 04. మొదటి కారు కొనేవాళ్లు ఈ మూడింటిలో వెతుక్కుంటే సగం తిప్పలు తప్పుతాయి.

ఆ తర్వాత చాసిస్ నంబరు, అంటే బండి బాడీ మీద కంపెనీ గుద్దిన నంబరు. ఇది ఎవరి చేతా చేయించకండి, మీరే చేయండి. గుడ్డకు కాస్త కిరసనాయిలో పెట్రోలో తడిపి నంబరు ఉన్నచోట జిడ్డంతా తుడవాలి. పల్చటి తెల్లకాగితం దాని మీద ఆనించి, పెన్సిల్ ములికిని పడుకోబెట్టి మెల్లగా రుద్దాలి. అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలతాయి. ఆఫీసులోనూ ఈ పెన్సిల్ ప్రింటే అడుగుతారు. ఆ కాగితాన్ని ఆర్సీ పక్కన పెట్టి అంకె అంకె చదువుకోండి. కంపెనీ గుద్దిన అంకెలు ఒకే లోతులో, ఒకే ఎడంతో ఉంటాయి. ఒక అంకె పక్కకు ఒరిగినా, చుట్టూ ఆకురాయితో రాసిన గీతలు కనపడినా అక్కడితో ఆపేయండి. ఇంజిన్ నంబరు వేరే ఉంటే మాట్లాడుకోవచ్చు, పాత బండ్లకు ఇంజిన్ మార్చడం మామూలే. కానీ ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కి ఉండాలి.

అమ్మేవాళ్లు చెప్పే కథలకు ధర కట్టొద్దు. ఒక మనిషి అంబాసిడర్ చూపించి, "కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు ముఖ్యమంత్రిగారు ఎక్కిన బండి" అని మావాళ్లకు చెప్పాడు. మన ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉంది 1953 అక్టోబరు నుంచి 1956 దాకా. 1957కు ముందు అంబాసిడర్ అనే పేరుతో బండే లేదు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు అప్పుడు చేస్తున్నది ల్యాండ్‌మాస్టర్. రాజధాని పేరు చెబితే కర్నూలోడి గుండె కరుగుతుందని ఆ మనిషికి తెలుసు. నా గుండె కూడా కరుగుతుంది. అయినా ఆర్సీలో ఏ సంవత్సరం ఉందో అదే బండి వయసు.

ఇక రేకు. ఈ విషయంలో మన సీమ వాళ్లం అదృష్టవంతులం. చెన్నై, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన కార్లను ఉప్పుగాలి లోపల్లోపల తినేస్తుంది. మన పొడి గాలికి రేకు ఎక్కువ కాలం నిలబడుతుంది. అట్లని పెయింటు మెరుపు చూసి నమ్మకూడదు. పద్మిని, అంబాసిడర్ రెండింటికీ లారీకి ఉన్నట్టు వేరే చాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే బలం. తలుపుల కింది అంచు, గడప రేకు, ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ కింద, జాకీ పెట్టే చోటు, వెనక బద్దల స్ప్రింగు బాడీకి తగులుకునే చోటు చూడాలి. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపు మీద పైనుంచి కిందికి జరపండి. మంచి రేకు మీద అంటుకుని పోతుంది. పుట్టీ మందంగా మెత్తినచోట పట్టు వదిలి జారిపోతుంది. ఈ పని చేసేటప్పుడు అమ్మేవాళ్ల ముఖం చూడొద్దు, వాళ్లు నొచ్చుకుంటారని మనం మధ్యలో ఆపేస్తాం.

డిపోలో బస్సును ఎప్పుడూ పిట్‌లోకి దిగి కిందనుంచి చూసేవాళ్లం. కారుకైనా అదే పద్ధతి. వాటర్ సర్వీసింగ్ చేసేచోట ర్యాంపు ఉంటుంది. వాళ్లకు ఎంతోకొంత ఇచ్చి కారు ఎక్కించి, కింద నిలబడి టార్చిలైటుతో చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, కుళ్లింది మొద్దు శబ్దం చేస్తుంది.

కర్నూల్లో ఇంకొకటి చూడాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు ఎన్ని బండ్లు నీళ్లలో ఉన్నాయో అప్పుడు ఇక్కడున్నవాళ్లకు తెలుసు. ఆ బండ్లన్నీ తుక్కులోకి పోలేదు. ఊరి అవతల ఒక షెడ్డులో తెల్లటి అంబాసిడర్ నోవా చూడ్డానికి పోయాం. పెయింటు కొత్తది, సీటు కవర్లు కొత్తవి. నాతో వచ్చిన అబ్బాయి అప్పుడే ఫొటోలు తీసుకుంటున్నాడు. ముందు సీటు బోల్టులు విప్పించాను. సీటు జరిగే పట్టాల మూలల్లో బూడిదరంగు ఒండ్రు ఎండి గట్టిపడి ఉంది, గోటితో గీకితే పొడిగా రాలింది. డ్యాష్‌బోర్డు కిందికి చేయి పెట్టి చూస్తే వైర్ల గుత్తి మీద కూడా అదే మన్ను. రాగి తీగలు పచ్చబడ్డాయి. "బండి కడిగినప్పుడు చేరిన మట్టేమో మామా" అన్నాడు ఆ అబ్బాయి ఆశగా. కడిగితే మట్టి కింద చేరుతుంది, డ్యాష్‌బోర్డు లోపల పైకెక్కదు. ఆ బండి అడిగిన ధర తక్కువేమీ కాదు. వైరింగు మొత్తం మార్చి, ఫ్లోరు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి, మళ్లీ పెయింటు వేస్తే ఇంకో బండి వచ్చేది.

ఇంజిన్ గురించి కొద్దిగానే చెబుతా. మీరు పోయేసరికి బానెట్ వెచ్చగా ఉంటే, ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. చల్లారేదాకా కూర్చోండి. చల్లటి ఇంజిన్ చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడే దాని అసలు సంగతి బయటపడుతుంది. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు కాలుతోంది, రింగులో వాల్వు సీళ్లో పోయాయి. ఆయిల్ మూత లోపల మజ్జిగ రంగు కనపడితే హెడ్ గ్యాస్‌కెట్ దగ్గర నీళ్లు కలుస్తున్నాయి. రెండూ ధర తగ్గించుకోవడానికి పనికొచ్చే విషయాలే గానీ బండి వదిలేయాల్సినవి కావు. పద్మినిది 1,089 సీసీ, అంబాసిడర్ పాత పెట్రోలుది 1,489 సీసీ. రెండూ సాదా ఇంజిన్లు, పెట్రోలూ గాలీ కలిపే కార్బురేటరు, నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, కండెన్సరు, అంతే. కంప్యూటరు పెట్టి చూడాల్సిన పనిలేదు.

ఏ బండి కొనాలి అని అడుగుతారు. నా మాట అయితే, టాక్సీగా తిరిగిన మోడలే కొనండి. ఏళ్ల తరబడి టాక్సీగా తిరిగిన బండికి స్పేర్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఫియట్ 1100 డిలైట్‌గా 1964లో మొదలై, 1970ల్లో పద్మిని పేరు పెట్టుకుని, 2000 ప్రాంతం దాకా వచ్చిన బండి మా పద్మిని. అంబాసిడర్ 2014 మే దాకా వచ్చింది. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో ఆగిపోయింది. టాక్సీలు పోతే స్పేర్లు చేసేవాళ్లూ తగ్గుతారు. కాబట్టి రబ్బరు బుష్‌లు, వీల్ సిలిండర్ కిట్లు, తలుపు బీడింగులు దొరికినప్పుడే కొని పెట్టుకోండి. మనకు అటు హైదరాబాద్ రాణిగంజ్, ఇటు బెంగళూరు జేసీ రోడ్డు, రెండూ 44వ నంబరు హైవే మీద పోయి వచ్చేంత దూరమే. స్టాండర్డ్ హెరాల్డ్ చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. స్టాండర్డ్ 2000 దర్జాగా ఉంటుంది. రెండూ మొదటి కారుగా వద్దు, ఒక అద్దం పగిలితే దేశమంతా వెతకాలి. మారుతి 800ని పాత కారు కింద ఎవరూ లెక్కేయరు. 1983 డిసెంబరులో వచ్చిన బండి అది, నలభై ఏళ్లు దాటింది. కార్బురేటర్ 800 మంచిది ఒకటి దొరికితే చేతిలో డబ్బు తక్కువున్న కుర్రాడికి అంతకు మించిన మొదటి బండి లేదు.

ఇన్సూరెన్సులో ఒక కిటుకు చాలామందికి తెలియదు. థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే ఇన్సూరెన్సు, ఇంజిన్ సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం 1,000 సీసీ దాటి 1,500 లోపు కార్లకు 3,416 రూపాయలు, 1,500 దాటితే 7,897. జీఎస్టీ వేరే. పద్మిని, 1,489 సీసీ అంబాసిడర్ మొదటి దాంట్లో పడతాయి. 1.8 ఇసుజు ఇంజిన్ ఉన్న అంబాసిడర్, కాంటెస్సా రెండోదాంట్లో పడతాయి. ఏటా రెట్టింపు కంటే ఎక్కువ. చేతిలో ఉన్న డబ్బంతా బండికే పోయకండి. రెండు లక్షలుంటే లక్ష బండి చూసుకోండి. నేను లక్షా పది వేలకు కొని, బ్రేకులు, టైర్లు, రేడియేటరు, వైరింగు కింద దాదాపు ఇంకో డెబ్బై వేలు పెట్టాను. టైర్లు అరగకపోయినా మార్చాను. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైరు మీది గాడులు లోతుగా ఉన్నా పదేళ్ల నాటి రబ్బరు మన ఎండలకు బీటలు తీస్తుంది. పద్మినికి 5.20-14, అంబాసిడర్‌కు 5.90-15 సైజు. షాపులో రెడీగా ఉండవు, ముందే చెప్పి తెప్పించుకోవాలి.

ప్రభుత్వ ఆఫీసుల ఆవరణల్లో ఎండకు ఎండుతున్న అంబాసిడర్లు వేలానికి వస్తాయేమో అని కొందరు కాచుకుని ఉన్నారు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ లేదు, అవి తుక్కుకే పోవాలి. వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. అట్లాగే "వింటేజ్ నంబరు వేయించుకుంటే ఏ గొడవా ఉండదు" అనే మాట కూడా తిరుగుతోంది. 2021 నిబంధనల ప్రకారం ఆ గుర్తింపు 50 ఏళ్లు దాటిన వాటికే. కొత్తగా చేయించుకోవాలంటే 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తప్ప రోజూ తిప్పకూడదు. పెళ్లాం పిల్లలతో మహానందికి పోయి రావాలనుకునేవాడికి అది పనికిరాదు.

కొన్నాక నడపడం గురించి మన ఎండల ముచ్చట ఒకటి చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట వెల్దుర్తి దాటాక బండి ఉన్నట్టుండి ఊపిరాడనట్టు ఆగిపోతుంది. కొత్తవాళ్లు భయపడిపోయి క్రేను పిలుస్తారు. ఇంజిన్ వేడికి పంపులోనూ పైపులోనూ పెట్రోలు ఆవిరై అడ్డుపడుతుంది. నీడకు తోసి, బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి ఒక టీ తాగేంతసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. నీళ్ల క్యాను, గుడ్డ ఎప్పుడూ డిక్కీలో ఉండాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం దానికి ఉబ్బి చిట్లుతాయి, పెట్రోలు ఇంజిన్ మీద కారితే మంటే. బండి కొన్న వారంలోనే ఇథనాల్‌కు ఆగే పైపులు వేయించండి, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిల్వ ఉంచకండి, అది నీటిని పీల్చుకుని రేకు ట్యాంకును లోపల తుప్పు పట్టిస్తుంది. 2000 ఫిబ్రవరి దాకా మన దేశంలో సీసం కలిసిన పెట్రోలు దొరికేది. ఇంజిన్‌లో వాల్వులు ఆనే చోట్లను, అంటే వాల్వు సీట్లను, ఆ సీసం అరిగిపోకుండా కాపాడేది. ఇంజిన్ పైభాగం, అంటే హెడ్ విప్పాల్సి వచ్చినప్పుడు గట్టి వాల్వు సీట్లు వేయించుకుంటే మళ్లీ చూడక్కర్లేదు.

బ్రేకుల సంగతి మాత్రం బతిమాలి చెబుతున్నా. పద్మినికి, పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. కొత్త కారు ఆగినంత దూరంలో ఇది ఆగదు. హైవే మీద ముందు బండికి దూరం ఉంచండి. ఆత్మకూరు దాటి నల్లమల ఘాట్‌లో శ్రీశైలం పోయేటప్పుడు, కడప దగ్గర గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే డ్రమ్ములు కాగి, చివరికి పెడల్ తొక్కినా పట్టదు. ఎక్కేటప్పుడు ఏ గేరు వేశారో దిగేటప్పుడూ అదే గేరులో దిగండి. సీటు బెల్టులు లేకపోతే వేయించుకోండి, పాత బండి పాతగానే ఉండాలనే పట్టుదల అక్కడ వద్దు.

ఇంత చెబుతున్నానంటే కొనవద్దని కాదు. నాకు ఈ పిల్లల మీద ఎంతో ఆశ ఉంది. ఐటీఐ చదివే అబ్బాయి ఒకడు ఆదివారాలు మా ఇంటికి వస్తాడు. పాయింట్ల మధ్య ఫీలర్ గేజ్ పెట్టి సందు సరిచేయడం, కార్బురేటర్ జెట్టు విప్పి ఊదడం నేర్చుకున్నాడు. ఇంజిన్‌లో నిప్పు ఎక్కడ పుడుతుందో, పెట్రోలు ఎట్లా నడుస్తుందో ఇప్పుడు వాడికి కంటితో చూసిన సంగతి. స్టీరింగ్ పక్కన గేరు పద్ధతి నేర్చుకుని మొదటిసారి సి క్యాంపు దాకా నడిపిన రోజు వాడి ముఖం వెలిగిపోయింది. ఈ బండ్లు తెలిసిన మేస్త్రీలు, పాతబస్తీలో చేత్తో రేకు కొట్టి వంపు తెచ్చే టింకరింగ్ భాయ్‌లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. చాలామందికి అరవై దాటింది. వాళ్ల దగ్గర పని నేర్చుకునేవాళ్లు లేరు. పాత బండి కొన్న ప్రతి కుర్రాడూ దాన్ని వదిలేసి పోకుండా వాళ్ల పక్కన నిలబడి చూడాలని నా కోరిక.

రవాణా శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా మూడు విన్నపాలు. కంప్యూటర్లు రాకముందు పుస్తకాల్లో ఎక్కిన నంబర్లకు రెన్యువల్, పేరు మార్పు కోసం ఏ కాగితాలు కావాలో తెలుగులో ఒక జాబితా రాసి ప్రతి ఆఫీసు బోర్డు మీదా పెట్టండి. పాత రిజిస్టర్లు తెలిసిన ఉద్యోగి నెలలో ఒక రోజు వీటి కోసమే కూర్చునేలా చూడండి. సర్వీసులో ఉన్న ఆ ఉద్యోగులు రిటైరయితే ఆ రిజిస్టర్లు చదివేవాళ్లుండరు. ఇక 20 ఏళ్లకు పైబడి 50 లోపు ఉన్న కార్లు అటు మామూలు బండ్లలోనూ చేరక, ఇటు వింటేజ్‌లోనూ చేరక మధ్యలో ఉన్నాయి. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు పెట్టి, పొగ పరీక్ష, బ్రేకు పరీక్ష గట్టిగా చేసి, పాసైన వాటికి ఫీజు తగ్గించే ఏర్పాటు ఉంటే బాగుంటుందని కేంద్రానికి రాయండి. పరీక్షకు మేము భయపడం, ఎప్పుడు పిలిచినా బండి తీసుకుని వస్తాం.

సంపాదకులు గారూ, మీ జిల్లా పేజీలో వారానికొక పాత మేస్త్రీ గురించి రాయించగలిగితే సంతోషం. కర్నూలు, ఆదోని, నంద్యాలలో ఎవరి షెడ్డుకు పోవాలో, ఎవరు ఏ పనిలో దిట్టో నేను చెప్పగలను. మీ విలేకరి వస్తే నేనే వెంట ఉండి అందరి దగ్గరికీ తీసుకుపోతాను.

ఇట్లు,
ఆర్టీసీ రిటైర్డ్ మెకానిక్,
బి క్యాంపు, కర్నూలు